వడ్డీ, మతము, అప్పులవాడు

మనిషి నివసింపదగిన ఊరికి ఉండవలసిన వసతులను లెక్కించుచు సుమతీ శతక కర్త మొట్టమొదట ఋణమునిచ్చు మనిషిని పేర్కొన్నాడు. వైద్యుడును, ఎడతెగక పారు ఏరును ఆ తరువాతనే వచ్చినవి. అయినను అప్పులవాని పేరు చెప్పగానే ముఖము చిట్లించుకొననివారు మన పల్లెలలో అరుదు. విత్తనముల వేళ అతడు దేవుడు. కల్లములో ధాన్యము కొలుచు వేళ యముడు. అక్కర తీర్చినవానినే అసహ్యించుకొనుట లోకమునకు క్రొత్త కాదు. అయితే ఆ అసహ్యము ఒక వ్యక్తితో ఆగక అతని కులమునకో, మతమునకో అంటుకొన్నప్పుడు చరిత్రలో ఘోరములు జరిగినవి. అట్టి అంటుకొనుట ఎట్లు జరుగునో, ఎచ్చట జరుగలేదో పరిశీలించుట ఈ ప్రసంగము ఉద్దేశము.

యూదుడు అనగానే వడ్డీ వ్యాపారి అను భావము మనలో చదువుకొన్న చాలమందికి షేక్స్పియరు సృష్టించిన షైలాకు పాత్ర వలన ఏర్పడినది. ఆ నాటకము 16వ శతాబ్దము చివరి సంవత్సరములలో వ్రాయబడినది. ఇంగ్లండు రాజు యూదులను తన దేశమునుండి వెళ్లగొట్టినది 1290లో. అనగా ఆ నాటకమును మొదట చూచిన ప్రేక్షకులలో అత్యధికులు తాను యూదుడనని బహిరంగముగా చెప్పుకొను మనిషిని జీవితములో చూచి ఉండరు. చూడని మనిషిని గురించిన భయము మూడు వందల ఏండ్లు నిలిచి, సముద్రములు దాటి, మన పాఠ్యపుస్తకములలోనికి వచ్చి చేరినది.

దీనికి తోడు మరియొక ఊహ ప్రచారములో ఉన్నది. ఇస్లాము వడ్డీని నిషేధించినది గనుక ముస్లిములు ఆ వ్యాపారమును యూదులకు వదలివేసినారనియు, ఆ కారణముననే వారిని ద్వేషించినారనియు దాని సారాంశము. కుతుబ్‌షాహీల కాలమునుండి అసఫ్‌జాహీల కాలము వరకు నాలుగు శతాబ్దములకు పైగా ముస్లిము ప్రభువుల పాలనలో గడపిన తెలంగాణమునకు ఈ ప్రశ్న దూరపుది కాదు. పేరులోనే ‘హుజూరు’ అను దర్బారు మాటను నిలుపుకొన్న మన హుజూరాబాదులో అప్పు, వడ్డీ, తాకట్టు అను మాటలు ఎరుగని ఇల్లు ఉండదు. కావున బాగ్దాదు, కైరో నగరములతో ఆరంభించి మన ఊరి కల్లము వరకు రావచ్చును.

ముందుగా ధర్మగ్రంథములు ఏమి చెప్పినవో చూతము. యూదుల తోరా సోదర యూదునికి అప్పిచ్చి వడ్డీ తీసికొనరాదని విధించినది. పరదేశి వద్ద తీసికొనుటకు అనుమతించినది. క్రైస్తవ మతాధిపతులు తమ మతస్థులకు వడ్డీని నిషేధించినారు. 1179లో సమావేశమైన లాటరన్ మహాసభ, బహిరంగముగా వడ్డీ వ్యాపారము చేయు క్రైస్తవునికి మతవిధిని ఖననము సైతము జరుపరాదని శాసించినది. ఖురాను ‘రిబా’ను నిషేధించినది. రిబా అనగా అప్పునకు అసలు మీద పెరుగు అదనము. వ్యాపారము ధర్మ్యమనియు, రిబా అధర్మమనియు ఆ గ్రంథము రెంటిని విడదీసి చెప్పినది. బాకీదారుడు ఇబ్బందిలో ఉన్నప్పుడు గడువు ఈయవలెననియు, బాకీని విడిచిపెట్టుట ఇంకను మేలనియు బోధించినది. యూదులు తమకు నిషేధింపబడిన రిబాను తీసికొన్నారను ఆక్షేపణ కూడ అందులో ఒకచోట ఉన్నది. మధ్యయుగ ముస్లిముల వైఖరిని విచారించువారు ఈ ఆక్షేపణను దాచిపెట్టరాదు. అదియే సర్వస్వమని అనుకొననూ రాదు.

మన ధర్మశాస్త్రములు వడ్డీని నిషేధింపక దానికి హద్దులు నిర్ణయించినవి. నెలకు అసలులో 80వ వంతు, అనగా నూటికి ఒకటింపావు, ధర్మవడ్డీగా మనుస్మృతి పేర్కొన్నది. వర్ణమును బట్టి నెలకు నూటికి 2 మొదలు 5 వరకు పుచ్చుకొనవచ్చునని కూడ చెప్పినది. పేదకే హెచ్చు వడ్డీ పడు ఏర్పాటు ఇది. కౌటిల్యుడు మామూలు అప్పునకు నెలకు నూటికి ఒకటింపావు, వర్తకమునకు 5, అడవి దారుల వెంట పోవువానికి 10, సముద్రయానము చేయువానికి 20 అని నిర్ణయించినాడు. అపాయము పెరిగిన కొలది వడ్డీ పెరిగినదన్న మాట. ఒక్కసారిగా వసూలు చేయు వడ్డీ అసలును మించరాదను నియమము కూడ మనకు కలదు. దీనికి ‘దాందుపట్’ అని పేరు. అసలు కంటె వడ్డీ ముద్దు అను సామెతను మనుమలను ఎత్తుకొన్నప్పుడు నవ్వుచు వాడుకొందుము గాని, అప్పు పత్రము మీద ఆ ముద్దునకు హద్దు ఉండవలెనని మన పెద్దలు ఏనాడో తలచినారు.

ఇక ముస్లిము రాజ్యములలో యూదుల స్థితిని గమనింతము. 7వ శతాబ్దమునుండి సిరియా, ఇరాకు, ఈజిప్టు, ఉత్తరాఫ్రికా, స్పెయిను దేశములు ముస్లిముల పాలనలోనికి రాగా, ఆనాటి ప్రపంచములోని యూదులలో అత్యధికులు ఆ పాలన క్రిందనే ఉండిపోయినారు. యూదులను, క్రైస్తవులను ముస్లిము న్యాయవేత్తలు ‘జిమ్మీలు’, అనగా రక్షితులు, అన్నారు. వారు జిజియా పన్ను చెల్లింపవలెను. ప్రభుత్వము వారి ప్రాణమును, ఆస్తిని, ఆరాధనను కాపాడవలెను. ఇది సమానత్వము కాదు. గుర్రమెక్కరాదు, ఆయుధము ధరింపరాదు, దుస్తులలో తేడా కనుపింపవలెను, క్రొత్త ప్రార్థనాలయములు కట్టరాదు అను నియమములు ఉండినవి. ఒకచోట అవి కఠినముగా అమలు జరిగినవి. మరియొకచోట ఎవరును పట్టించుకొనలేదు.

అయితే ఈ నియమములలో యూదుడు ఫలానా వృత్తియే చేయవలెనను నిర్బంధము లేదు. వడ్డీ విషయములో హనఫీ న్యాయవేత్తలు జిమ్మీలకు కూడ రిబా కూడదనియే తీర్పు చెప్పినారు. అనగా నిషిద్ధమైన పనిని అన్యమతస్థుల నెత్తిన పెట్టి తాము చేతులు కడుగుకొను ఏర్పాటు ఇస్లామీయ ధర్మశాస్త్రములో లేదు. ఆచరణ వేరుగా ఉండిన మాట నిజమే. 10వ శతాబ్దము ఆరంభములో బాగ్దాదు ఖలీఫా అల్ ముఖ్తదిర్ కాలమున ఖజానా వట్టిపోయి, సైనికుల జీతములకు ఇబ్బంది కలిగినది. అప్పుడు వజీర్లు ఆశ్రయించినది యోసేపు బిన్ ఫిన్హాస్, హారూన్ బిన్ ఇమ్రాన్ అను యిద్దరు యూదు షరాబులను. అహ్వాజ్ మండలపు పన్నుల రాబడిని హామీగా ఉంచుకొని వారు నెలనెలకు ముందుగా సొమ్ము సమకూర్చెడివారు. ‘జహ్బజ్’ అని వారి ఉద్యోగమునకు పేరు. నాణెములను పరీక్షించుట, పన్ను సొమ్మును భద్రపరచుట, దూరప్రాంతములకు హుండీలు పంపుట వారి పని. రాజ్యమునకు అట్టివారు అవసరము. వారికి రాజరక్షణ అవసరము.

ఇది దర్బారు సంగతి. సామాన్య యూదులు ఏమి చేసి బ్రతికినారు? ఈ ప్రశ్నకు సమాధానము కైరో నగరములో ఒక గదిలో దొరికినది. దేవుని పేరు వ్రాసిన కాగితమును యూదులు పారవేయరు. ప్రార్థనాలయమునకు చేర్చిన ఒక గదిలో పడవేసి ఉంచుదురు. దానిని ‘గెనీజా’ అందురు. పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు గదిలో శతాబ్దముల తరబడి పోగుపడిన కాగితములను సాలమన్ షెక్టర్ అను పండితుడు 1896, 1897 సంవత్సరములలో కేంబ్రిడ్జికి తరలించినాడు. అవి రమారమి రెండు లక్షల తునకలు. ఉత్తరములు, పద్దులు, పెండ్లి పత్రములు, కోర్టు దస్తావేజులు అందులో ఉన్నవి. 20వ శతాబ్దములో ఎస్. డి. గోయిటైన్ అను చరిత్రకారుడు వానిని చదువుటకు తన జీవితమును వెచ్చించినాడు.

ఆయన లెక్కించిన వృత్తులు నాలుగు వందలకు పైబడినవి. రంగుల అద్దకము, పట్టు నేత, గాజు పని, చక్కెర తయారి, మందుల అంగడి, వైద్యము, ఓడ వర్తకము, ఇంకను ఎన్నో. వడ్డీ అప్పులు ఆ కాగితములలో బహు స్వల్పము. పెట్టుబడి కావలసిన వర్తకుడు భాగస్వామ్యము కుదుర్చుకొనెడివాడు: ఒకరి సొమ్ము, మరియొకరి శ్రమ, లాభము ముందు ఒప్పుకొన్న వంతుల ప్రకారము పంపకము, నష్టము వచ్చినచో సొమ్ము పోవునది పెట్టుబడి పెట్టినవానిదే. ముస్లిములు, యూదులు ఒకరితో ఒకరు ఇట్టి పొత్తులు చేసికొన్నారు. ట్యునీసియా దేశపు యూదుడు అబ్రహాము బెన్ యీజూ 1132 ప్రాంతమునుండి సుమారు 17 ఏండ్లు మన మంగుళూరులో నివసించి, మిరియములు, ఇనుము ఏడెనునకు ఎగుమతి చేసినాడు. అచ్చట ఇత్తడి సామానుల కార్ఖానా నడపినాడు. అతని ఉత్తరములు కూడ ఆ గదిలోనే దొరికినవి. ముస్లిము రాజ్యములలోని యూదుని సాధారణ రూపము ఇది. షైలాకు రూపము కాదు.

మరి షైలాకు ఎచ్చటివాడు? అతడు క్రైస్తవ ఐరోపా సృష్టి. అచ్చట యూదులను వృత్తి సంఘములలో చేర్చుకొనలేదు. భూమిని అనుభవించు అవకాశమును క్రమముగా తొలగించినారు. మిగిలిన కొద్ది దారులలో అప్పులిచ్చుట ఒకటి. రాజులు వారిచేత అప్పులిప్పించి, వచ్చిన వడ్డీలో పెద్ద వంతును పన్నుగా లాగుకొన్నారు. అనగా ప్రజలు యూదునికి కట్టిన వడ్డీ చాలవరకు రాజు బొక్కసమునకే పోయినది; తిట్లు మాత్రము యూదునికి మిగిలినవి. 1190 మార్చిలో యార్కు నగరములో అల్లరి మూకలు యూదులను చుట్టుముట్టి పొట్టన పెట్టుకొన్న పిమ్మట, పెద్ద చర్చిలో భద్రపరచిన అప్పు పత్రములను బయటికి తెచ్చి తగులబెట్టినారు. మతావేశమునకు అప్పు పత్రములతో ఏమి పని అని అడిగినవారికి ఆ మంటయే జవాబు. నూరేండ్లకు యూదులను దేశమునుండియే తరిమినారు. అయినను వడ్డీ ఆగలేదు. లంబార్డీ క్రైస్తవులు వచ్చి అప్పులిచ్చినారు.

ఇంతమాత్రముచేత ముస్లిము రాజ్యములను స్వర్గముగా చిత్రించుట తప్పు. స్పెయిను దేశములోని గ్రనాడా రాజ్యమున సామ్యూల్ అను యూదుడు వజీరై కీర్తి గడించగా, అతని అనంతరము కుమారుడు యోసేపు ఆ పదవిని పొందినాడు. రక్షితుడు రక్షకుల మీద పెత్తనము చేయుట ధర్మమా అని ద్వేషము రగిలినది. 1066 డిసెంబరు 30న జనము అతనిని చంపి, ఆ నగర యూదులను పెద్దసంఖ్యలో వధించినారు. 12వ శతాబ్దములో అల్మొహాద్ వంశీయులు రక్షిత ధర్మమునే త్రోసివేసి, మతము మారుటయో దేశము విడుచుటయో తేల్చుకొమ్మన్నారు. మహాపండితుడు మైమోనిడీసు కుటుంబము కార్డోవాను వదలి దేశములు తిరిగి, చివరకు మరియొక ముస్లిము రాజ్యమగు ఈజిప్టులోనే ఆశ్రయము పొందినది. ఇట్టి సందర్భములలో మంట పెట్టినది ప్రధానముగా అధికారము గురించిన అసూయ, మతోద్రేకము, వడ్డీ కాదు.

వడ్డీ నిషేధమును తప్పించుకొను ఉపాయములు ముస్లిములకును తెలియకపోలేదు. ‘హీలా’ అను మాటకు ఉపాయమని అర్థము. వంద దినారములు అవసరమైనవాడు షాహుకారు వద్ద ఒక వస్త్రమును నూట ఇరువదికి వాయిదా మీద కొనును; అదే వస్త్రమును తక్షణమే నూరు దినారముల రొక్కమునకు అతనికే అమ్మును. వస్త్రము కదలలేదు, నూరు చేతికి వచ్చినది, నూట ఇరువది బాకీ నిలిచినది. పత్రములో వడ్డీ అను మాట లేదు. ధర్మపరులగు న్యాయవేత్తలు దీనిని నిందించినారు, అక్కరగలవారు వాడుకొన్నారు. అప్పు అవసరమైనచోట శాసనము తలుపు మూసినచో వడ్డీ కిటికీ వెదకుకొనునని దీనివలన తెలియును.

ఇప్పుడు దక్కనుకు వత్తము. మన ప్రాంతములో యూదు షరాబులు పెద్దగా లేరు గాని, గోలకొండకు యూదులు తెలియనివారు కారు. పారసీక దేశములోని కాషాన్ పట్టణపు యూదు కుటుంబమున పుట్టి, వర్తకుడై భారతదేశమునకు వచ్చి, సూఫీ కవియైన సర్మద్ అబ్దుల్లా కుతుబ్‌షా కాలములో హైదరాబాదులో ఉండినాడు. మతములను గురించిన పారసీక గ్రంథము ‘దబిస్తాన్’ను రచించినవాడు 1647లో ఆయనను హైదరాబాదులోనే కలిసి, యూదమతమును గురించిన సంగతులను ఆయన వలననే గ్రహించినాడు. గోలకొండ వజ్రముల కొరకు ఐరోపా యూదు వర్తకులు మదరాసు చేరినారు. 1688లో ఏర్పడిన మదరాసు నగరసభ ఆల్డర్మెన్లలో ముగ్గురు యూదులు. హైదరాబాదున ఆదరము పొందిన సర్మద్‌ను కొన్ని ఏండ్లకు ఔరంగజేబు పాలనలో ఢిల్లీయందు శిరచ్ఛేదము చేసినారు. ఒకే మతపు ప్రభువులు ఇరువురు ఒకే మనిషిని రెండు విధములుగా చూచినారు.

బాగ్దాదులో యూదు షరాబు నిర్వహించిన బాధ్యతను, అనగా రాజ్యపు రాబడిని చూచు బాధ్యతను, గోలకొండలో తెలుగు బ్రాహ్మణులు నిర్వహించినారు. హుజూరాబాదునకు చేరువనున్న హనుమకొండకు చెందిన మాదన్న 1674లో అబుల్ హసన్ తానీషాకు మీర్ జుమ్లా అయి రాజ్యమును నడపినాడు. అన్న అక్కన్న ఆయనకు తోడు. బ్రాహ్మణునికి అంతటి అధికారమిచ్చుట ఔరంగజేబు తానీషా మీద మోపిన నేరములలో ఒకటి. 1686లో మొగలు సేనలు ఒత్తిడి చేయుచుండగా కుట్రదారులు సోదరులను వీధిలో నరికివేసినారు. గ్రనాడా యోసేపునకును మన మాదన్నకును ఆరు వందల ఏండ్ల దూరము. రాజ్యము కష్టములో పడినప్పుడు లెక్కలు చూచు అన్యమతస్థుని మీద కోపము త్రిప్పుట మాత్రము రెండుచోట్ల ఒక్కటే.

అసఫ్‌జాహీల కాలములో ప్రభుత్వమే పెద్ద బాకీదారు. బేగంబజారు, కార్వాన్‌లలోని గుజరాతీ, మార్వాడీ సేట్లు, గోసాయీలు నిజాము సర్కారుకు అప్పులిచ్చినారు. 1814లో విలియం పామరు కంపెనీ వెలసినది. పామరు తండ్రి ఆంగ్లేయ సేనాని. తల్లి ఫైజ్ బక్ష్ బేగం మొగలాయి కుటుంబపు స్త్రీ. అతని భాగస్వాములలో బంకటీదాసు అను గుజరాతీ షాహుకారు ఉండినాడు. పేష్కారు చందూలాలు హయాములో ఈ కంపెనీ సర్కారుకు సాలీనా నూటికి సుమారు 24, 25 రూపాయల వడ్డీకి అప్పులిచ్చినది. 1820లో 60 లక్షల ఋణము కుదిరినది. రెసిడెంటు మెట్కాఫ్ ఈ వ్యవహారమును బయటపెట్టిన పిమ్మట 1824లో కంపెనీ దివాలా తీసినది. వడ్డీ నిషిద్ధమని నమ్ము ప్రభువు, క్రైస్తవ ముస్లిము దంపతుల కుమారుడు, హిందూ షాహుకారు, హిందూ పేష్కారు అందరును ఒకే చిఠ్ఠాలో చేరినారు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. నిజాము కొలువులోని అరబు జమాదారులు, రోహిలాలు స్వయముగా ముస్లిములు. వారు పేరుపడిన వడ్డీ వ్యాపారులు. సర్కారుకు అప్పులిచ్చి తాలూకాలను హామీగా తీసికొన్న అరబు జమాదారుల చేతినుండి ఆ తాలూకాలను విడిపించుట 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్జంగు చేసిన మొదటి పనులలో ఒకటి. జిల్లాల పల్లెలలో రోహిలా వచ్చి గుమ్మము ముందు కూర్చున్నచో ఇంటివారు బయటికి రాజాలకుండిరి. అతనికి ఖురాను నిషేధము తెలియును. బాకీదారుని భయము కూడ తెలియును. కావున ఏ మతము పేర వడ్డీ వ్యాపారిని గుర్తింపవలెనన్నను మన తెలంగాణము దానిని ఒప్పుకొనదు. మన అప్పులవారిలో కోమటులు, మార్వాడీలు, రెడ్డి, వెలమ దొరలు, అరబులు, రోహిలాలు అందరును ఉండినారు.

1875లో పొరుగున పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు మార్వాడీ, గుజరాతీ షాహుకార్ల ఇండ్లమీద పడి ప్రధానముగా కోరినది ఒక్కటే: అప్పు పత్రములు. తెచ్చి తగులబెట్టినారు. యార్కు మంటయు ఈ మంటయు పత్రముల మంటలే గాని భేదము ఉన్నది. యార్కులో మనుష్యులను చంపుట ముందు, కాగితములు తరువాత. దక్కను రైతులు కాగితమిచ్చినవానిని చాలవరకు ప్రాణములతో విడిచినారు. ఆ అల్లరి వలన 1879లో దక్కను రైతుల ఋణవిమోచన శాసనము వచ్చినది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటములోను దొరల, షాహుకార్ల అప్పు పత్రములు కాలినవి.

ఆ పత్రముల వెనుక ఉండిన బ్రతుకు ఎట్టిది? వానకాలమున పుట్టెడు ధాన్యమును ‘నాగు’నకు తెచ్చుకొన్న రైతు కోతలనాడు పుట్టెడున్నర కొలువవలెను. నాలుగైదు నెలలకు సగము వడ్డీ. కొలువలేనిచో మారుటేడు అది అసలులో కలియును. తరువాత భూమి పోవును. భూమి లేనివాడు మనిషినే తాకట్టు పెట్టును. అప్పునకు బదులు దొర ఇంట పాలేరుతనము చేయువానిని ‘భగేలా’ అనిరి. తండ్రి అప్పు కొడుకును పట్టుకొనెడిది. నిజాము ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందములకు హద్దులు పెట్టినది. 1349 ఫసలీలో, అనగా 1939-40లో, వడ్డీ వ్యాపారుల శాసనము, సేద్యపు భూములు అన్యాక్రాంతము కాకుండు శాసనము వచ్చినవి. కాగితము మీద అవి మంచి శాసనములు. వాటిని పల్లెలో అమలు జరుపవలసినవారు మాత్రము తరచుగా అప్పులిచ్చు దొరల బంధువులే. దేశమంతట వెట్టి పాలేరుతనమును రద్దు చేసిన చట్టము 1976లో వచ్చినది.

నిషేధముతో ఆగక బదులు మార్గము వెదకినవారు హైదరాబాదులోనే ఉండినారు. సభ్యులు చిన్న మొత్తములు జమచేసి, అక్కరగలవారికి వడ్డీ లేని అప్పులిచ్చు సంఘములను ముస్లిములు నగరములో నడపినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, అనంతరము పారిస్‌లో స్థిరపడి ప్రపంచఖ్యాతి నార్జించిన మహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఆ సంఘములను గురించి 1944లో ఉర్దూ వ్యాసము వ్రాసినాడు. ఉస్మానియా ఆర్థికశాస్త్రాచార్యుడు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940 దశకమునందే ఇస్లాము, వడ్డీ సిద్ధాంతముల మీద గ్రంథము రచించినాడు. నేడు లోకమంతట వినవచ్చు వడ్డీ లేని బ్యాంకుల ఆలోచనకు ఆరంభములో హైదరాబాదు పాలు కొంత ఉన్నది. అయితే నెలజీతము గలవాడు వాయిదాలు కట్టగలడు. వాన మీద ఆధారపడిన రైతు కట్టలేడు. అందువలన అట్టి సంఘములు నగరమును దాటి పల్లెకు అంతగా రాలేదు.

పల్లెకు తగిన సమాధానము మన పరిసరముననే పుట్టినది. హుజూరాబాదునకు సమీపమున ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి సహకార గ్రామీణ బ్యాంకును, విక్రయ సంఘమును స్థాపించినారు. అచ్చట వడ్డీ ఉన్నది, వడ్డీని దాచలేదు. అప్పు, విత్తనము, ఎరువు, పంట అమ్మకము ఒకే కప్పు క్రిందికి తెచ్చినారు. అప్పిచ్చువాడును, పుచ్చుకొనువాడును ఒక్కరే, అనగా సభ్యులే, అయినారు. కైరో వర్తకుల పొత్తునకును దీనికిని ఒక పోలిక ఉన్నది: ఒకరి నష్టము మరియొకరికి లాభము కాకుండుట.

అప్పులవానికి కులమును, మతమును అంటగట్టు అలవాటునకు ఇటీవలి కాలము గట్టి పాఠము చెప్పినది. 2010 నాటికి ఆంధ్రప్రదేశ్ పల్లెలలో విస్తరించిన సూక్ష్మ ఋణ సంస్థలు కంపెనీలు. వానికి కులము లేదు, మతము లేదు. వారపు కిస్తీ కట్టలేని స్త్రీ మీద తోటి సభ్యురాండ్రచేతనే ఒత్తిడి చేయించుట, ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయించుట, ఆత్మహత్యల వార్తలు చూచిన పిమ్మట 2010 అక్టోబరులో ప్రభుత్వము అత్యవసర శాసనము తెచ్చినది; 2011లో అది చట్టమైనది. గుమ్మము ముందు రోహిలా కూర్చుండుటకును, పొరుగింటి ఆడుపడుచులను కూర్చుండబెట్టుటకును భేదము కొద్ది.

2018 మే 10న హుజూరాబాదు మండలములోని శాలపల్లి, ఇందిరానగర్ వద్ద రైతుబంధు పథకము ప్రారంభమైనది. పంటకు ముందు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున, సంవత్సరమునకు రెండు మారులు, తిరిగి చెల్లింపనక్కరలేని సాయమది. విత్తనముల వేళ రైతు షాహుకారు గుమ్మము ఎక్కకుండుట దాని ఉద్దేశము. తరువాత ఆ మొత్తము 5,000 అయినది. 2025లో రైతు భరోసా అను పేరుతో 6,000 అయినది. పట్టా ఉన్నవానికి ఇది పెద్ద ఊరట. రైతుబంధు మాత్రము కౌలుదారునికి వర్తింపలేదు. పట్టా లేనివానికి బ్యాంకు అప్పు కూడ కష్టము. అతడు ఎరువుల దుకాణమునకే పోవును. పంటను తనకే అమ్మవలెనను షరతు మీద దుకాణదారుడు అరువిచ్చును. ధరను, వడ్డీని అతడే నిర్ణయించును.

అతని కులమేదని అడుగుట వలన కౌలుదారునికి ఒరుగునది లేదు. బాగ్దాదు ఖలీఫాకు యూదుడు, గోలకొండ వంశమునకు బ్రాహ్మణుడు, నిజామునకు అరబు, రైతునకు సేటు అప్పులవాడైనది తమ మతధర్మము వలన కాదు. అప్పు కావలసినవానికి మరియొక గుమ్మము లేకపోవుట వలన. మృగశిర కార్తెలో తొలివాన పడిననాడు కౌలుదారుని ముందు ఎన్ని గుమ్మములు తెరచియున్నవో లెక్కించుట, ఆ లెక్కను పెంచుట మన చేతిలో ఉన్న పని. ఆ పని విడిచి షాహుకారు మతమును తిట్టినవారు యార్కునుండి నేటివరకు ఒక్క బాకీదారుని కూడ నిలువునా విడిపింపలేదు.